అర్జంటుగా గుండె మార్చిన వాళ్ళు తర్వాత ఎన్నాళ్ళు బతుకుతున్నారు, ఎలా బతుకుతున్నారు?

గజపతినగరం_అప్ప:

అందరికీ నమస్కారం. మాది గజపతినగరం దగ్గర పల్లె. మా తమ్ముడికి 29 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నాడు, పాదాలు వాచాయి. ఊళ్ళో గ్యాస్ బిళ్ళలిచ్చి పంపారు. తిరిగి వెళ్ళాక డ్యూటీలో పడిపోతే ఎకో తీశారు. పంపింగ్ 15 శాతమే ఉందట. డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె కండ సాగిపోయి బలహీనపడడం అన్నారు. మందులతో బీపీ నిలబడక ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే మిషన్) మీద పెట్టి, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో అత్యవసరం కింద పేరు చేర్చారు. దేవుడి దయ, గుండె దొరికింది. ఆపరేషన్ అయి మూడు వారాలు. ఇప్పుడు వార్డులో నడుస్తున్నాడు, ఇడ్లీ తింటున్నాడు, ఫిజియోథెరపీ అబ్బాయితో క్రికెట్ గురించి గొడవ పెట్టుకుంటున్నాడు.

నా బాధ వేరే. మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి, "అర్జంటుగా పెట్టిన గుండె ఎక్కువ కాలం రాదట, ముందే అన్నీ చూసుకుని పెట్టిందయితేనే నిలుస్తుందట" అన్నాడు. డాక్టరు గారిని అడిగితే "ముందు ఈ ఏడాది దాటిద్దామమ్మా" అన్నారంతే. ఆ మాట మంచికో చెడుకో నాకు తెలీలేదు. అమ్మ పక్కనే ఉండడంతో ఇంకేం అడగలేకపోయాను.

ఇలా ఆపరేషన్ అయ్యి ఏళ్ళు గడిచిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. పని చేసుకుంటున్నారా? మామూలుగా ఉంటారా, లేక మంచానికే పరిమితమా?

చీపురుపల్లి_రాజు:

మా ఆఫీసులో ఒకరి మావయ్యకి చేశారు. ఐదేళ్ళు, అంతే అన్నారు. మీరు ధైర్యంగా ఉండండి. పొలం అదీ అమ్మేముందు ఒకసారి ఆలోచించుకోండి.

సిక్కోలు_కండక్టర్:

రాజు గారూ, ఐదేళ్ళు అంతే అని రాసీసినారు గాని, ఐదేళ్ళు దాటిపోయినోడు కూడా ఈ పేజీ చదువుతాడని అనుకోలేదు గావాల.

అమ్మా, నాది శ్రీకాకుళం. ఆర్టీసీలో కండక్టర్ని. నాకు గుండె మార్చి తొమ్మిదో ఏడు నడుస్తంది. చెన్నైలో చేసినారు. నాదీ అర్జంటు కేసే. జొరం వొచ్చి తగ్గింది, ఆ వైరస్ గుండె కండకి పట్టీసింది. మయోకార్డైటిస్ అన్నారు. తొడ దగ్గర నుంచి బెలూన్ పంపు ఎక్కించి, ఆ కాలు మడవకూడదన్నారు. గుండె దొరికినంత వరకూ కాలు చాపుకుని అలగే పడుకున్నాను. ఛాతీ కోసిన నొప్పి ఇప్పుడు గుర్తు లేదు గాని ఆ కాలు మాత్రం గుర్తుంది.

మీ చిన్నాన్న కొడుకు చెప్పిందాంట్లో పావు వంతు నిజం ఉంది, మిగతాది గాలి. పెట్టిన గుండెలో తేడా ఏటీ ఉండదు. అర్జంటు అయినా, ఇంటికాడ నుంచి వొచ్చి చేయించుకున్నా, దాత గుండెని అలగే పరీక్ష చేస్తారు, తీసిన నాలుగు గంటల్లోపు పెట్టీడానికే చూస్తారు. తేడా అంతా పెట్టించుకునే మనిషిలో ఉంటది. ఎక్మో మీదకి వెళ్ళినోడికి అప్పటికే కిడ్నీ, లివరు దెబ్బ తినుంటాయి, ఒళ్ళు కరిగిపోయుంటది, ఆ గొట్టాల వల్ల ఇన్‌ఫెక్షను, రక్తస్రావం భయం ఉంటది. అందుకని మొదటి వారాల్లో, మొదటి నెలల్లో అర్జంటు వాళ్ళు ఎక్కువ మంది పోతారు. ఇది దాచీ మాట కాదు. గాని ఆ గండం దాటి ఏడాది నిలబడినోళ్ళని లెక్కేస్తే, ఆ తర్వాత అర్జంటోళ్ళకీ మిగతావాళ్ళకీ పెద్ద తేడా కనపడదు. మా డాక్టరు ఒకసారి మందుల చీటీ వెనకాల రెండు గీతలు గీసి చూపించినారు. మొదట్లో ఒకటి గబుక్కున కిందకి దిగింది. తర్వాత రెండూ పక్కపక్కనే నడిచినాయి. మీ డాక్టరు గారు "ఏడాది దాటిద్దాం" అన్నది ఇందుకే. మీ తమ్ముడు మూడు వారాలకే లేచి నడుస్తన్నాడు, క్రికెట్ గొడవ పెడతన్నాడు అంటే, గీత కిందకి దిగే చోటు కొంచెం దాటినట్టే.

లెక్కలు కావాలంటే చెప్తాను. గుండె మార్పిళ్ళకి ప్రపంచం మొత్తానికి ఒక రిజిస్ట్రీ ఉంది. పెద్దవాళ్ళలో మొదటి ఏడాది దాటేది నూటికి 85 నుంచి 90 మంది. మొత్తం మీద సగం మంది 12 ఏళ్ళు దాటుతన్నారు. మొదటి ఏడాది గట్టెక్కినోళ్ళనే తీసుకుంటే సగం మంది 14 ఏళ్ళ పైమాటే. అందులో ఎక్కువ మంది అమెరికా, యూరపు వాళ్ళు, అది మనసులో ఉంచుకో. ఇంకో మాట. సగం మంది 12 దాటతన్నారంటే పన్నెండో ఏట అందరికీ బస్సు ఆగిపోద్దని కాదు. నెదర్లాండ్స్‌లో బెర్ట్ యాన్సెన్ అని ఒకాయనకి 1984లో, పదిహేడేళ్ళ వయసులో, ఇంగ్లాండులో గుండె మార్చినారు. 39 ఏళ్ళు దాటి గిన్నిస్‌లోకి ఎక్కినాడు. 1967లో కేప్‌టౌన్‌లో మొట్టమొదట చేయించుకున్నాయన బతికింది 18 రోజులు. మన దేశంలో మొదటిది 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసినారు, చేసింది మన రాజమండ్రి వేణుగోపాల్ గారే. ఇన్నేళ్ళలో మారింది కత్తి కన్నా మందులు ఎక్కువ.

ఇంక బతుకు ఎలగుంటదంటావా.

మొదటి ఏడాది అది బతుకు కాదు, ఉద్యోగం. ఆస్పత్రి దగ్గర్లో గది తీసుకుని కొన్నాళ్ళు ఉండాల్సిందే. ఒళ్ళు కొత్త గుండెని పరాయిదని కొడతందేమో చూడ్డానికి, మెడ దగ్గర రక్తనాళంలోంచి తీగ దింపి గుండె ముక్క చిన్నది గిల్లి తీస్తారు, బయాప్సీ. మొదట్లో వారం వారం, తర్వాత ఎడం పెరుగుతది. నొప్పి పెద్దగా ఉండదు గాని రిపోర్టు వొచ్చీవరకు ఇంటిల్లిపాదీ అన్నం తినరు. స్టెరాయిడ్ వల్ల మొహం గుమ్మడికాయలాగ అయిపోద్ది, ఆకలి ఆగదు, నిద్ర పట్టదు, చిన్నదానికీ కోపం. మా ఆవిడ మీద నేను అరిచిన అరుపులు ఆ మందువే అని డాక్టరు చెప్పేదాకా ఆవిడకి తెలీదు. నువ్వు ముందే తెలుసుకో. మీ తమ్ముడు కసురుకుంటే మనసులో పెట్టుకోకు. బయాప్సీలు బాగుంటే స్టెరాయిడ్ డోసు తగ్గిస్తారు, మొహం మళ్ళీ మొహం అవుద్ది.

ఒక విచిత్రం చెప్తాను. గుండె తీసినప్పుడు నరాలు తెగిపోతాయి. అందుకని కొత్త గుండె ఊరికే కూర్చున్నా 90, 100 కొట్టుకుంటాది. భయపడాల్సిన పని లేదు. అలగే పరిగెత్తమంటే వెంటనే పరిగెత్తదు. బస్సు మెట్లు గబగబా ఎక్కితే మొదటి నిమిషం కాళ్ళు బరువు, తర్వాత వేడెక్కి సర్దుకుంటాది. కూర్చున్నాక కూడా కాసేపు కొట్టుకుంటానే ఉంటాది. నేను నడక మొదట అయిదు నిమిషాలు నెమ్మదిగానే వేస్తాను, ఆఖర్నా అంతే. ఇదే నరాల వల్ల ఇంకో తంటా ఉంది. కొత్త గుండె రక్తనాళాలు ఏళ్ళ మీద సన్నబడిపోవచ్చు, నొప్పి మాత్రం చాలామందికి తెలీదు. అందుకే ఏడాదికోసారి యాంజియో. బాగానే ఉన్నాను కదా అని ఎగ్గొట్టకూడదు. దీర్ఘకాలంలో మనుషుల్ని తీసుకెళ్ళిపోయేవాటిలో అదొకటి. కిడ్నీ, కేన్సరు ఇంకో రెండు.

పని? ఏడాది అయ్యాక చేరినాను. మొదట డిపోలో కూర్చునే డ్యూటీ ఇచ్చినారు. చేతులు వొణికీవి, ఒళ్ళు కొత్త గుండెని కొట్టకండా ఆపడానికి ఇచ్చే టాక్రోలిమస్ మందుకి అలగే ఉంటది, డోసు తగ్గాక తగ్గింది. తర్వాత నా అంతట నేనే అడిగి లైన్ ఎక్కినాను, పాలకొండ సర్వీసు. ఇంట్లో ఒప్పుకోలేదు, డాక్టరు మాస్కు పెట్టుకుంటానంటే ఒప్పుకున్నారు. ఆడవాళ్ళకి ఉచితం వొచ్చిన కాడ నుంచి బస్సులో కాలు పెట్టీడానికి లేదు, అందుకని మళ్ళీ డిపోలోకి వొచ్చీసినాను. గుండె ఆగలేదు, జనం ఆపినారు.

ఊరోళ్ళ సంగతి చెప్పాల. మా అత్తవారి ఊళ్ళో ఒక పెద్దాయన అందరి ముందూ అడిగినాడు, "గుండె వేరేవోడిది కదా అల్లుడూ, పెళ్ళాం మీద ప్రేమ నీదా, ఆడిదా?" అని. మా ఆవిడ తడుముకోకండా, "కిరాణా కొట్టు బాకీ మాత్రం ఈయనదే" అంది.

గజపతినగరం_అప్ప:

అన్నయ్యా, చదువుతూ ఏడ్చాను, ఆఖర్న నవ్వాను. మా తమ్ముడికి కూడా చదివి వినిపించాను. "కూర్చున్నా 98 కొట్టుకుంటోంది, ఎవరికీ చెప్పకుండా భయపడుతున్నాను అప్పా" అన్నాడు. మానిటర్ చూసి చూసి నిద్ర పోవడం లేదట వాడు.

ఇంకొన్ని అడగాలి. అమ్మ ఊళ్ళోంచి బలానికని ఆకుపసరు, పంపర పనసకాయలు తెస్తానంటోంది, మా పెరట్లో కాస్తాయి. పెట్టొచ్చా? ఊరికి తీసుకొచ్చాక జ్వరం వస్తే మాకు దగ్గర ఆర్ఎంపీనే దిక్కు. ఇంకోటి, వాడికి పోయిన ఏడాది సంబంధం అనుకున్నాం. వాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పెళ్ళి అనే మాటే ఇంక వదిలెయ్యాలా?

టెక్కలి_మందులషాపు:

నేను ఫార్మసిస్ట్‌ని. ఇంతకు ముందు విశాఖలో అవయవ మార్పిడి రోగుల మందులు చూసేదాన్ని, ఇప్పుడు టెక్కలిలో సొంత షాపు. మందుల వరకు నేను చెబుతాను.

పంపర పనస వద్దు. ఖచ్చితంగా వద్దు. అందులో ఉండే పదార్థం టాక్రోలిమస్‌ని పేగులోనూ లివర్‌లోనూ విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది. రక్తంలో మందు మోతాదు పెరిగిపోయి కిడ్నీ దెబ్బతింటుంది. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని ఆస్పత్రి కాగితంలో రాసి ఇస్తారు, మన ఊళ్ళల్లో దాన్ని ఎవరూ చూడరు కాబట్టి మనకి కాదనుకుంటారు. దాని దగ్గరి చుట్టం మన పంపర పనసే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టుకోండి, తమ్ముడికి మాత్రం పెట్టకండి. కమలా పండు తినొచ్చు, శుభ్రంగా కడిగి వొలిచి.

ఆకుపసరు కూడా వద్దు. కొన్ని మొక్కల మందులు టాక్రోలిమస్‌ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. తగ్గితే శరీరం గుండెని పరాయిదిగా చూసి దాడి చేస్తుంది. మీ అమ్మగారికి ఆ పసరు మీద నమ్మకం ఉంటుంది, వాదించకండి. "డాక్టర్ సంతకం పెడితేనే పెడతాం" అనండి, పని జరుగుతుంది.

మందు పన్నెండు గంటల తేడాతో రోజుకి రెండుసార్లు, ఒకే సమయాల్లో. రక్తంలో మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్ష ఉన్న రోజు పొద్దుటి డోసు వేసుకోకుండా వెళ్ళి రక్తం ఇచ్చి, అప్పుడు వేసుకోవాలి. చాలామంది ఇంట్లో వేసుకునే వస్తారు, రిపోర్టు ఎక్కువ చూపిస్తుంది, డోసు అనవసరంగా మారిపోతుంది. కంపెనీ కూడా మార్చకండి. షాపు వాళ్ళు "అదే మందు, వేరే పేరు" అని ఇస్తే డాక్టర్‌కి చెప్పకుండా తీసుకోవద్దు. నేను కూడా షాపు వాళ్ళలో దాన్నే, అయినా చెబుతున్నాను.

ఆర్ఎంపీ విషయం. జ్వరం 100.4 దాటితే ముందు ఆస్పత్రి కోఆర్డినేటర్‌కి ఫోన్, తర్వాతే ఎవరైనా. పారాసిటమాల్ పర్వాలేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీకి చేటు. యాంటీబయాటిక్‌లలో ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్ టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని బాగా తగ్గించేస్తుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి రెండు వారాలు దగ్గు ఆగకపోతే చెప్పాలి. ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆ ఆర్ఎంపీ గోడకే అంటించేయండి. మా దగ్గర ఒక కుటుంబం నిజంగా అలా చేసింది. ఆయన కూడా ఏమీ అనుకోలేదు.

తిండిలో పచ్చి పాలు, సగం ఉడికిన గుడ్డు, రోడ్డు పక్కన కోసి పెట్టిన పళ్ళు వద్దు. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వండి. ఉప్పుచేప మీద ఎంత ప్రేమ ఉన్నా పక్కన పెట్టాలి, టాక్రోలిమస్‌కి తోడు ఉప్పు అయితే బీపీ ఆగదు. వేడి వేడిగా వండిన చేపల కూర హాయిగా తినొచ్చు.

కవిటి_కొబ్బరితోట:

ఒక్క ముక్క. మాది ఉద్దానం. మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) అనే మాట మా పిల్లలకి కూడా వచ్చు. గుండె మార్చిన వాళ్ళకి ఆ మందే ఏళ్ళ మీద కిడ్నీని తింటుంది అని పలాస కిడ్నీ ఆస్పత్రిలో మా పక్క బెడ్ ఆయనకి చెబుతుంటే విన్నాను. గుండె పరీక్షల గొడవలో క్రియాటినిన్ మర్చిపోకండి. పుస్తకంలో తేదీ వేసి అంకె రాసుకోండి. ఒక్క రిపోర్టు చూస్తే ఏమీ అర్థం కాదు, వరసగా చూస్తే ఎక్కుతోందో లేదో తెలుస్తుంది.

సిక్కోలు_కండక్టర్:

తోట బాబు చెప్పింది బంగారం. నాది 1.0 నుంచి 1.6కి వొచ్చి ఆగింది, ఆ పుస్తకం చూసే డాక్టరు మందు తగ్గించి ఇంకోటి కలిపినారు.

పెళ్ళి సంగతి నేను చెప్పకూడదు, నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు. గాని నాతో పాటు ఆ వార్డులో ఒక కుర్రాడుండేవాడు, ఒడిశా పర్లాకిమిడి వాడు. మూడేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. అమ్మాయికి ముందే అన్నీ చెప్పి, క్లినిక్‌కి తీసుకెళ్ళి డాక్టరు ముందే కూర్చోబెట్టినాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "వంట నేను చేస్తే సరిపోద్దా, వేరే వండాలా" అనట. దాచి చెయ్యొద్దు. మాత్రలు రోజూ రెండుసార్లు వేసుకునే మనిషి పెళ్ళాం దగ్గర ఎన్నాళ్ళు దాస్తాడు? పిల్లల గురించి అనుకున్నప్పుడు ముందే డాక్టర్ని అడగాలి, కొన్ని మందులు మార్చాల్సి రావొచ్చు. ఇదంతా ఇప్పుడు కాదు. మీ తమ్ముడితో ఇప్పుడు పెళ్ళి మాట ఎత్తకు, ఆ ఫోన్ ఎత్తని వాళ్ళ మాట అసలే ఎత్తకు.

మానిటర్ చూసి భయపడుతున్నాడన్నావు. నేను కూడా ఇంటికొచ్చాక మానిటర్ లేదని నిద్ర పోలేదు. వాడికి చూస్తే భయం, నాకు చూడకపోతే భయం. మనసు డాక్టరు ఉంటారు ఆస్పత్రిలోనే, మీ తమ్ముడికి పిచ్చా అని ఎవరైనా అంటే పట్టించుకోకండా చూపించు. నాకు ఆరు నెలలు మాత్ర ఇచ్చినారు. గుండె మాత్రలు పదకొండు వేసుకునే రోజుల్లో పన్నెండోదానికి సిగ్గెందుకు.

గజపతినగరం_అప్ప:

వాడిచ్చిన మాట ఇది, టైపు నేను చేస్తున్నా: "అన్నా, నిచ్చెన ఎక్కి ఏసీ బిగించగలనా? ఇంకోటి, గుండె ఇచ్చిన వాళ్ళ ఇంటికి వెళ్ళి దండం పెట్టాలని ఉంది."

సిక్కోలు_కండక్టర్:

తమ్ముడూ, ఛాతీ ఎముక అతకడానికి మూడు నెలలు. అంతవరకు బరువెత్తడం, చేతులు పైకెత్తి లాగడం వద్దు. నిచ్చెన సంగతి ఏడాది తర్వాత మీ డాక్టరు చెప్తారు. నన్నడిగితే నిచ్చెన కన్నా ఆ ఏసీల్లో దుమ్ము, బూజు నీకు ప్రమాదం. ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనకి మామూలు మనుషుల్లాగ కాదు. ఫిల్టర్లు కడిగే పని ఇంకొకరికి ఇచ్చి, నువ్వు గ్యాసు, వైరింగు, లెక్కలు చూసుకునే దారి వెతుకు. పని వదలొద్దు, రకం మార్చుకో.

దాత వాళ్ళ సంగతి. మామూలుగా పేర్లు చెప్పరు, ఇటు వాళ్ళవి అటు చెప్పరు. పేపర్లో మాత్రం అన్నీ వొచ్చీస్తాయి. 2023లో మన రాగోలు ఆస్పత్రి నుంచి గుండె గ్రీన్ ఛానల్‌లో, అంటే దారంతా ట్రాఫిక్ ఆపి, విశాఖ ఎయిర్‌పోర్టుకి, అక్కడ నుంచి తిరుపతికి వెళ్ళినప్పుడు జిల్లా అంతా టీవీ ముందే కూర్చుంది. అందుకని వెతికితే దొరుకుతారు. వెతకొద్దని నా మాట. వాళ్ళ ఇంట్లో పిల్లాడు పోయినాడు. నువ్వు గుమ్మంలో నిలబడితే వాళ్ళకి చల్లగా ఉంటదో కత్తి దిగినట్టుంటదో నీకూ నాకూ తెలీదు. ఉత్తరం రాయి, పేరు లేకండా. జీవన్‌దాన్ వాళ్ళకి ఇచ్చి, వాళ్ళు తీసుకుంటామంటే అందజెయ్యమని అడుగు. నేను రాసినాను, జవాబు రాలేదు, దాని గురించి నాకు బాధ లేదు.

అప్పా, నీకొక పని. ఎన్టీఆర్ భరోసాలో గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళకి నెలకి 10,000 పింఛను ఉంది, 2024 జూలై నుంచి ఆ రేటు. నాకు రాదు, గవర్నమెంటు జీతం. మీ తమ్ముడికి అర్హత ఉందో లేదో మీ సచివాలయంలో అడుగు. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ వివరం, ఆధార్, రేషన్ కార్డు అన్నీ రెండేసి జిరాక్సులు తీయించి పెట్టుకో. హైదరాబాద్‌లో డిశ్చార్జి అయ్యే రోజునే అన్ని కాగితాల మీదా స్టాంపు వేయించు, తర్వాత ఒక స్టాంపు కోసం మళ్ళీ అంత దూరం పోవాల్సొస్తది.